పార్కు సంగతి ఇంకా తేలలేదు

ఆ వేసవిలో నాకు కావలసింది ఒక్కటే. పొద్దుట నుంచి సాయంత్రం దాకా, ఒక్క రోజంటే ఒక్క రోజు, "అమ్మమ్మా" అన్న పిలుపు నా చెవిన పడకూడదు. ఈ మాట విని ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. పిల్లల మీద ప్రేమ లేకపోవడం వేరు, పిల్లలతో ఊపిరి సలపకపోవడం వేరు. నా కూతురి పిల్లలిద్దరూ నా ప్రాణం. ఆ ప్రాణమే ఆ సెలవుల్లో తోకకొచ్చింది.

పెద్దదానికి అయిదేళ్ళు. మనం ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మాటలన్నీ పెద్దవాళ్ళవే కాబట్టి ఇంట్లో దాన్ని ఆరిందా అంటాం. చిన్నవాడికి ఇంకా మూడు నిండలేదు. వాడు పిడుగు. ఎక్కడ పడతాడో తెలియదు, పడ్డాక ఏం మిగులుతుందో తెలియదు. బడికి సెలవులిచ్చేశారు, బయట నిప్పులు చెరిగే ఎండ, మా ఇల్లేమో మూడో అంతస్తులో. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే అల్లుడున్న ఇంటికి లిఫ్టు మాత్రం లేదు. కూరగాయలకు దిగినా, చెత్త పారెయ్యడానికి దిగినా, చంకలో పిడుగు, వేలు పట్టుకుని ఆరిందా. అందరం కలిసే దిగాలి, అందరం కలిసే ఎక్కాలి.

నా కూతురు ఆసుపత్రిలో నర్సు. రోగాలకు సెలవులుండవు కనుక దానికీ ఉండవు, వారానికి ఒక్కరోజు తప్ప. అల్లుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ భవనంలో ఎవరు ఇరుక్కుపోతే ఆ భవనానికి పరిగెత్తాలి. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్నే నేను నింపిచ్చిన నీళ్ళ సీసా పనిముట్ల సంచిలో పెట్టుకుని "వస్తానత్తయ్యా" అంటాడు. సాయంత్రం ఖాళీ సీసా నా చేతికిచ్చి "వచ్చానత్తయ్యా" అంటాడు. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఆ సీసానే అడగాలి.

సెలవులు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. ఏమీ కాలేదు, మోకాళ్ళు ఇక పైకి రామన్నాయి, అంతే. ఒళ్ళో పిడుగు నిద్రపోతున్నాడు. ఆరిందా సంచిలోంచి ఒక్కో టమాటా తీసి మెట్టుకొకటి చొప్పున పేరుస్తోంది. అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న కూతురు కింద నుంచి మమ్మల్ని చూసింది. వచ్చి నా పక్కనే మెట్టు మీద కూలబడింది. దాని మొహం చూస్తే నాకంటే అదే ఎక్కువ అలిసిపోయినట్టుంది.

"నీ చేత కాకపోతే చెప్పమ్మా. నేను ఉద్యోగం మానేస్తాను," అంది.

ప్రేమతోనే అంది. కానీ ఆ మాటతో నా నోటికి తాళం పడింది. ఆ ఉద్యోగం కోసం అదెంత కష్టపడి చదివిందో నాకు తెలుసు. దాన్ని చదివించడానికి నేను ఎంతమంది పిల్లల ముక్కులు తుడిచానో దానికి తెలుసు. నేను అలిసిపోయానంటే అది ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చుంటుంది. అనకపోతే నేనే ఏదో ఒక రోజు ఏదో ఒక మెట్టు మీద పడిపోతాను. మింగలేక కక్కలేక, నాకేమీ కాలేదే, చెప్పు కరిచింది, అందుకు కూర్చున్నాను అని లేచాను. మిగతా మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు.

థీమ్ పార్కు గోల మా ఇంట్లోకి కింది వాటా నుంచి వచ్చింది. అక్కడి పిల్ల వెళ్ళొచ్చిందట. గిర్రున తిరిగే పెద్ద పెద్ద కప్పులున్నాయట, మనిషంత ఎలుగుబంటి నడిచొచ్చి చెయ్యి కలుపుతుందట, చిన్నపిల్లలు మాత్రమే ఎక్కే బుల్లి రైలుందట. ఆ రోజు నుంచి ఆరిందా మరో మాట ఎత్తలేదు. అది ఏదైనా పట్టుకుందంటే ఉడుంపట్టే.

ఒకరోజు భోజనాల దగ్గర పంచాయితీ పెట్టాం. కూతురికి సుతరామూ ఇష్టం లేదు. ఎండ దెబ్బ తిని వచ్చే పిల్లలను రోజూ చూస్తున్నానంది. పిడుగు క్రితంసారి బట్టల కొట్లో చెయ్యి వదిలించుకుని పరిగెత్తిన సంగతి ఎత్తింది. అంతమంది జనంలో వాడు తప్పిపోతే ఎవరిది బాధ్యత అంది. అల్లుణ్ణి అడిగితే, యంత్రాల గురించి భయం లేదు, వాటిని రోజూ చూసేవాళ్ళుంటారు, పిల్లల గురించే నాకు తెలియదు అన్నాడు. అంటే అది వద్దనడమో కావాలనడమో అతనికే తెలియాలి. చివరికి అందరూ నా వైపు తిరిగారు. పిడుగు కూడా, చెంచా నోట్లో పెట్టుకుని.

నా వైపు తిరగడానికి కారణముంది. నేను ఎన్నో ఏళ్ళు చిన్నపిల్లల బడిలో ఆయాగా చేశాను. పిల్లలను ఏ తోటకో, ఏ బొమ్మల కొలువుకో తీసుకెళ్ళాలంటే ముందుగా నేను వెళ్ళి చూసొచ్చేదాన్ని. నిలబడి కాదు, గొంతుక్కూర్చుని చూడాలి. పిల్లాడి కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తు నుంచి చూస్తే అదే చోటు ఇంకోలా కనిపిస్తుంది. మనకు నడుము దగ్గరుండే ఇనుప కడ్డీ వాళ్ళ నుదుటికి తగులుతుంది. మనకు దారి కనిపించేచోట వాళ్ళకు మోకాళ్ళ అడివి తప్ప ఏమీ కనిపించదు. బడి పెద్దమేడం ఏ కాగితమూ నమ్మేది కాదు. ఆయా కూర్చుని చూసిందా అని ఒక్కమాట అడిగేది, చూసిందంటే బస్సు కదిలేది.

"నువ్వోసారి వెళ్ళి కూర్చుని చూసిరామ్మా," అంది కూతురు. "నువ్వు సరేనంటే తీసుకెళ్దాం. నా సెలవు రోజున వెళ్ళు, పిల్లల్ని నేను చూసుకుంటాను."

అలా నేను ఒంటరిగా థీమ్ పార్కుకు బయల్దేరాను. వారం మధ్యలో పెద్దవయసు వాళ్ళకు, ఏదీ ఎక్కబోమంటే, లోపలికి ఊరికే పంపిస్తారు. ఈ వయసులో పిల్లాజెల్లా లేకుండా వచ్చిన నన్ను గేటు దగ్గర మనిషి ఎగాదిగా చూశాడు. నాలుగడుగులు వేసి నేను గొంతుక్కూర్చోగానే పరిగెత్తుకొచ్చి కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాడు. లేదు నాయనా, కళ్ళు బాగానే ఉన్నాయి, అందుకే చూస్తున్నాను అన్నాను.

పని మాత్రం శ్రద్ధగా చేశాను. తిరిగే కప్పుల దగ్గర కూర్చున్నాను, ఆ వరస పిల్లలకు మరీ పొడుగు, నిలబడి నిలబడి వాళ్ళకు ఏడుపొస్తుంది. నీళ్ళ తొట్టె దగ్గర కూర్చున్నాను, గట్టు నున్నగా ఉంది, పిడుగు జారతాడు. మెడదాకా ఎత్తున్న చెక్కబొమ్మ ఒకటి చెయ్యి చాపి నిలబడి ఉంటుంది, ఆ చేతికి అందినవాళ్ళే పెద్ద బండ్లు ఎక్కాలట. ఆరిందా అందదు. అందనందుకు పార్కు మొత్తం వినేలా వాదిస్తుంది. ఎలుగుబంటిని కింద నుంచి చూశాను. పైనుంచి ముద్దొచ్చే ఎలుగు, కింద నుంచి చూస్తే గుండె ఆగేలా ఉంది. ఇక బుల్లి రైలు. నింపాదిగా, పూలమొక్కల చుట్టూ, నడిచేవాడికంటే మెల్లగా వెళ్తుంది. తలుపులకు గడియలున్నాయి, పక్కన నీడ ఉంది, మరుగుదొడ్డీ దగ్గరే. మధ్యాహ్నం లోపే నాకు తేలిపోయింది. పొద్దున్నే తీసుకొచ్చి, రైలూ కప్పులూ ఎక్కించి, ఎండ ముదరకముందే ఇంటికి తీసుకెళ్తే పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు.

తేలాక ఆ రైలు పక్కనే ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. పైన నీడ కోసం ఆకుపచ్చ వల కట్టారు. చుట్టూ అరుపులు, కేకలు, ఏడుపులు. ఎంత గోలగా ఉన్నా, అందులో ఒక్క కేకా నాది కాదు. ఇంతలో ఎవరో "అమ్మమ్మా" అని అరిచారు. దిగ్గున సగం లేచాను. వేరెవరో అమ్మమ్మ "వస్తున్నానురా" అంటూ నడుం పట్టుకుని వెళ్ళింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఆ క్షణంలో నా ఒళ్ళు ఎంత తేలికపడిందో చెప్పలేను. రైలు కూతపెట్టడం ఒకటి గుర్తుంది. తరవాత కళ్ళు తెరిచేసరికి వల కొస దగ్గర ఊడిన సందులోంచి సాయంత్రపు ఎండ మొహం మీద పడుతోంది.

ఇంటికి వెళ్తూ దారిపొడుగునా "తీసుకెళ్ళొచ్చు" అనే అనుకున్నాను. తలుపు తీసేసరికి కూతురు నేలమీదే నిద్రపోయి ఉంది. పిల్లలిద్దరూ పెన్నులతో దాని అరికాళ్ళ మీద బొమ్మలు వేస్తున్నారు. నా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, ఏమైందమ్మా, బాగుందా అని అడిగింది. బాగుంది అనడానికే నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఇంకా తేలలేదే. అన్నీ చూడటం కుదరలేదు. వచ్చేవారం ఇంకోసారి వెళ్ళాలి."

అది అబద్ధమని నాకు తెలుసు. దాని వారపు సెలవును నేను తింటున్నాననీ తెలుసు. మా ఇంట్లో విశ్రాంతి అనేది ఒక్కటే ఉంది, దానికి మేం ఇద్దరం. ఆ పూట అది నాకు దొరికింది, వదలబుద్ధి కాలేదు. నాకేం సిగ్గు లేదు.

ఆ మరుసటి వారం వెళ్ళాను. నీళ్ళ తొట్టె గట్టు గురించి చెప్పాను, బాగుచేస్తారేమో చూడాలన్నాను. ఆ పై వారం కూడా వెళ్ళాను. బెంచీ మీద నీడవల కొస ఊడి వేలాడుతోంది, పిల్లలు కూర్చుంటే ఎండ కొడుతుంది, అది కట్టేదాకా ఆగాలన్నాను. వంకలకు కొదవేముంది, అంత పెద్ద పార్కులో వెతికితే ఎన్నయినా దొరుకుతాయి. ఆరిందా మాత్రం పోలీసు అడిగినట్టు అడిగేది. రైలుకు ఎన్ని డబ్బాలు, డ్రైవరు ఆడా మగా, ఎలుగుబంటికి ఆకలేస్తే ఏం తింటుంది. అన్నిటికీ ఓపిగ్గా చెప్పేదాన్ని. ఓపిక ఉంది మరి, వారానికి ఒకరోజు నిద్రపోతున్న మనిషిని. ఇంట్లో దిండ్లన్నీ వరసగా పేర్చి ఆరిందా రైలు నడిపేది, పిడుగు కూత. నేను వెళ్ళొచ్చిన మర్నాడు వాళ్ళ వెనక నేనూ ఒక డబ్బాగా కూర్చునేదాన్ని.

ఆ రైలు నడిపేది ఒక అమ్మాయి, నీలం టోపీ, మెళ్ళో ఈల. మూడోసారి నేను బెంచీ తుడుచుకుంటుంటే మళ్ళీ దగ్గరకొచ్చింది.

"పెద్దమ్మా, మీ పిల్లలెక్కడ?"

"ఇంట్లో ఉన్నారమ్మా. ఈ పార్కు వాళ్ళకి పడుతుందో లేదో చూద్దామని వచ్చాను."

"పోయినవారం కూడా అదే అన్నారు."

"తొందరపడి తేల్చే సంగతా ఇది?"

ఆ అమ్మాయి నవ్వింది. మధ్యాహ్నం ముదిరాక ఇక్కడ ఏడవని పిల్లలుండరు, అరవని తల్లులుండరు, రోజూ చూస్తూనే ఉంటానంది. నిజమే. ఎదురుగానే ఒకావిడ ఇద్దరు పిల్లలను చెరో చేత్తో లాక్కెళ్తోంది. సంతోషంగా ఉండండిరా, ఇంత దూరం తీసుకొచ్చింది సంతోషంగా ఉండటానికే అని పళ్ళు కొరుకుతూ చెబుతోంది. పార్కు పిల్లలకు తగినదా కాదా అని చూడ్డానికి వచ్చినదాన్ని, పిల్లలు ఈ పెద్దవాళ్ళకు తగినవాళ్ళా అన్న అనుమానంలో పడ్డాను. తరవాత నా కూతురు గుర్తొచ్చింది. ఈ వేళకు అది ఇంట్లో ఎలా ఉందో ఊహించుకోగలను. ఆ రోజు నిద్ర కొంచెం ఆలస్యంగా పట్టింది, కానీ పట్టింది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ తరవాతి వారం నా పనీ అంతే అయింది.

ఆ రోజు మరీ గాఢంగా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది, కానీ మొహం మీద ఎండ లేదు. తల దగ్గర చల్లగా ఏదో తగిలింది. చూస్తే నీళ్ళ సీసా. మూత మీద ఏనుగు బొమ్మ అంటించి ఉంది, ఒక చెవి చిరిగిన ఏనుగు. ఆ బొమ్మ అంటించింది పిడుగు. ఆ సీసాలో నీళ్ళు పోసింది నేను, ఆ పొద్దున్నే.

రైలమ్మాయి చెప్పింది. పార్కు మధ్యలో ఎత్తయిన బురుజుంది, పైకెక్కి ఊరంతా చూడ్డానికి అందులో లిఫ్టు. పొద్దుట అది ఆగిపోతే బాగుచెయ్యడానికి మనిషిని పిలిపించారట. పని ముగించుకుని ఇటుగా వెళ్తూ నన్ను చూసి నిలబడిపోయాడట. లేపనా అని రైలమ్మాయి అడిగితే వద్దని చెయ్యి ఊపాడట. కాసేపు అలాగే నిలబడి, బెంచీ చివర ఎక్కి, ఊడిన వల కొసను తన సంచిలోని తీగతో బిగించి కట్టాడట. సీసా పెట్టి వెళ్ళిపోయాడట.

"మీ తాలూకానా పెద్దమ్మా?" అని అడిగింది.

"మా అల్లుడు," అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, దాచడానికి లేదు. సీసాలో నీళ్ళు మాత్రం తాగేశాను.

ఇంటికి చేరేసరికి అల్లుడు వచ్చేసి ఉన్నాడు. మామూలుగానే నేల మీద కూర్చుని పిడుగు చేత చొక్కా గుండీలు విప్పించుకుంటున్నాడు. ఖాళీ సీసా నేనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. అతను చూసి, పిడుగుకు ఇంకో గుండీ అందించాడు. కూతురు పళ్ళాలు పెడుతూ, ఇవాళ కూడా ఎండగానే ఉందా అమ్మా అంది. అంతే అంది, నేను భుజాలు తడుముకున్నాను.

ఇక దాచి లాభం లేదు, ఇక్కడితో సరి అనుకున్నాను.

"ఎండ పడటం లేదే. ఆ వల ఎవరో కట్టారు," అన్నాను. "తీసుకెళ్ళొచ్చు. పిల్లలకి బాగానే ఉంటుంది."

ఆరిందా ఎగిరి గంతేసింది. కూతురు తలూపింది, దాని మొహంలో సంతోషం కంటే ఓ పని తెమిలిందన్న అలసటే కనిపించింది. అప్పుడు అల్లుడు నోరు తెరిచాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి నా ఎదుట అతను అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

"ఒక్క వలతో అయిపోతుందా అత్తయ్యా? ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కళ్ళు చూస్తే తేలేది కాదు. వచ్చేవారం మీరిద్దరూ వెళ్ళండి. నేను సెలవు పెడతాను, పిల్లల దగ్గర ఉంటాను."

కూతురు చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. నీకు పిల్లల గురించి ఏం తెలుసని ఉంటావు అని అడిగింది. తెలియదు, తెలుసుకుంటాను అన్నాడు. ఆరిందా ఏడుపు మొహం పెట్టింది. వాళ్ళ నాన్న దాన్ని దగ్గరకు లాక్కుని, నీకోసమే కదే, బాగా చూసి తీసుకెళ్ళాలి కదా అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, చెయ్యాల్సిన పనేమీ లేకపోయినా, పొయ్యి తుడుస్తూ నిలబడ్డాను. చాలాసేపటి దాకా బయటికి రాలేకపోయాను.

కూతురితో కలిసి పార్కుకు వెళ్ళినప్పుడు అది మొదట నర్సులాగే తిరిగింది. ఏ పిల్లాడి మొహం ఎర్రబడిందో, ఎవరికి నీళ్ళు తాగించాలో చూస్తూ, ఎవరో తల్లికి చెప్పింది కూడా. నేను పదరా తల్లీ అని బెంచీ దగ్గరకు తీసుకొచ్చాను. అది కూర్చుని, వెనక్కి వాలి, పైకి చూసింది. వల కొస దగ్గర చూపు ఆగిపోయింది.

"ఈ ముడి ఆయనదే కదమ్మా. మన బట్టల తీగకి కట్టింది ఇదే."

 అది బెంచీని చూసింది, నన్ను చూసింది. బుర్ర ఉన్న పిల్ల, చెప్పాల్సిన అవసరం లేదు.

"ఎప్పుడు తేలింది నీకు?" అని అడిగింది.

"మొదటిసారే తేలింది. పొద్దున తీసుకొచ్చి ఎండెక్కకముందు తీసుకెళ్తే పిల్లలకి బాగానే ఉంటుంది."

"మరి?"

"నాకూ బాగానే ఉంది."

రైలు మా ముందు నుంచి వెళ్ళింది. అందులో ఒక పిల్లాడు మా ఇద్దరికీ చెయ్యి ఊపాడు. మేం ఊపడం మర్చిపోయాం.

"నీ చేత కాకపోతే చెప్పమన్నాను కదమ్మా."

"చెబితే మానేస్తానన్నావు కదే."

 దాని కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోలేదు. ఆ మాట ఎందుకన్నానో తెలియదమ్మా అంది. ఆసుపత్రిలో రోజంతా సిస్టర్, సిస్టర్ అని పిలుస్తారు, ఇంటికొస్తే అమ్మా, అమ్మా అని పిలుస్తారు, ఎవరూ పిలవని చోట ఒక్క గంట కూర్చుంటే చాలనిపిస్తుంది అంది. నేను ఉలిక్కిపడ్డాను. అది నా కోరికే. దాన్నుంచి నేను దొంగిలించింది అదే.

"అయితే కూర్చో. ఇక్కడ నిన్నెవరూ పిలవరు," అన్నాను.

మాట పూర్తికాకముందే దాని తల నా భుజం మీదికి వాలింది. చిన్నప్పుడు బడి బస్సులో ఇలాగే వాలేది. ఆ రోజు నేను నిద్రపోలేదు. దాని జుట్టులో అప్పుడే తెల్ల వెంట్రుకలు కనిపించాయి, వాటిని చూస్తూ కూర్చున్నాను. భుజం తిమ్మిరెక్కింది. కదపలేదు.

ఇంటికి వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో అల్లుడు చతికిలబడి ఉన్నాడు. బుగ్గల మీద పెన్ను గీతలు, చొక్కా మీద పాలు. పనిముట్ల సంచి ఇల్లంతా పరుచుకుని ఉంది. కుర్చీలన్నిటికీ తీగ చుట్టి ముడులు వేసి ఉన్నాయి, పిడుగు ఆ తీగల మధ్య నిద్రపోతున్నాడు. వచ్చాం బాబూ అని నేను సీసా నింపిస్తే గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఎలా ఉందని అడిగితే, లిఫ్టులే నయం అత్తయ్యా, బటన్ నొక్కితే ఆగుతాయి అన్నాడు.

ఆరిందా మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ళమ్మ ఎదురుగా నిలబడింది.

"తేలిందా?"

నా కూతురు కిందికి వంగింది. నాలాగే గొంతుక్కూర్చుని, పిల్ల కళ్ళలోకి చూసింది. "లేదే బంగారం. ఇంకా తేలలేదు. వచ్చేవారం మళ్ళీ చూడాలి," అంది. అల్లుడు ఒక్క క్షణం పైకప్పు కేసి చూశాడు. తరవాత, చూడాలి మరి అన్నాడు.

అలా ఆ సెలవులంతా మేం పార్కును తేలుస్తూనే ఉన్నాం. ఒకవారం నేను, ఒకవారం అది, మధ్యలో ఒకసారి అల్లుణ్ణి కూడా పంపాం. అతను బురుజు లిఫ్టును మరోసారి చూసి, బెంచీ మీద కాసేపు పడుకుని వచ్చాడు. చేతకాదు అన్న మాట మా ఇంట్లో ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. అంటే ఎవరూ ఏదీ మానెయ్యక్కర్లేదు, మిగతావాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు. ఉద్యోగం వదిలేసే మాట నా కూతురు మళ్ళీ ఎత్తలేదు.

తొలకరి పడి నేల చల్లబడ్డాక, బడి తెరవబోయే ముందు, అందరం కలిసి వెళ్ళాం. చెక్కబొమ్మ చేతికి అందనందుకు ఆరిందా అనుకున్నట్టే వాదించింది. ఎలుగుబంటిని చూసి పిడుగు అనుకున్నట్టే గుక్కపట్టి ఏడ్చాడు, ఆ ఎలుగు పాపం చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా వెళ్ళిపోయింది. బుల్లి రైలు దగ్గరకు చేరేసరికి టోపీ అమ్మాయి నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"రండి పెద్దమ్మా, మీ బెంచీ ఖాళీగానే ఉంది."

ఆరిందా ఠక్కున ఆగింది. బెంచీని చూసింది, నన్ను చూసింది, వాళ్ళమ్మను చూసింది, పైన వల ముడిని కూడా చూసింది. "నీకు ఇక్కడ బెంచీ కూడా ఉందా? ఏం చేస్తావు దాంతో?" అని అడిగింది.  నేనే చెప్పాను, నిద్రపోతానే అని. ఇన్నాళ్ళూ చూసొచ్చింది అదేనా అని నిలదీస్తుందనుకుని సిద్ధపడ్డాను.

అది నా చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరకు తీసుకెళ్ళింది. తన చిన్న సంచి తలగడలా పెట్టింది. పిడుగు నోటి మీద చెయ్యి పెట్టి మూసింది.

"పడుకో. మేం నిన్ను పిలవంలే."

పడుకున్నాను. వాళ్ళు రైలెక్కారు. గడియ పడిన చప్పుడు వినిపించింది, కూత వినిపించింది, రైలు పూలమొక్కల వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. వాళ్ళిద్దరూ నా ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాటలు ఆపేసి గుసగుసలాడుకుంటున్నారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. ఎవరూ పిలవలేదు. నేను కళ్ళు మూసుకుని, ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించుకుని పడుకున్నాను.